పైకి చదివే మనిషి

ఆసుపత్రి, అల్లుడి మంచం పక్క కుర్చీలో నుంచి

చెల్లెమ్మగారికి,

అందరూ క్షేమం అని మొదలుపెట్టాలని అమ్మాయి ఎప్పుడో చెప్పింది. క్షేమం లేని చోట క్షేమం అని ఎలా రాస్తాను? మీ కాలు సంగతి మీరు రాయండి, ఇక్కడి సంగతి నేను రాస్తాను.

ఇన్నాళ్ళూ మీకు మీ కోడలే రాసేది. ఇది నేనే రాస్తున్నాను. అక్షరం వంకరపోతే సర్దుకుని చదువుకోండి. ఫోనులో చెబుదామంటే మీకు వినపడదు, వినపడేలా అరిస్తే వార్డులో రోగులందరూ లేచి కూర్చుంటారు. అమ్మాయి చేత రాయించే మాట కూడా కాదిది. పగలు తను ఆఫీసుకు పోతుంది, సాయంత్రం దాకా మీ అబ్బాయి దగ్గర ఉండేది నేనే. ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ రాస్తుంటే నర్సమ్మ నవ్వుతోంది. నవ్వనీయండి. నవ్వితే నా సొమ్మేం పోయింది.

మీ అబ్బాయి కళ్ళు తెరిచాడని అమ్మాయి రాసినప్పుడు మీరు సంతోషపడ్డారు. నేనూ పడ్డాను. బండి గుద్దిన రోజు మూసుకుపోయిన కళ్ళు తెరుచుకుంటే ఎవరు మాత్రం పడరు? కానీ తెరుస్తాడు, మూస్తాడు, అంతే. ఆ కళ్ళ వెనక ఎవరూ లేరు. పిలిస్తే పలకడు. గిచ్చితే చెయ్యి ముడుచుకుంటుంది. అది తెగిన బల్లి తోక ఆడినట్టు ఆడటమే గాని తెలిసి చేసేది కాదని ఇక్కడి చిన్న డాక్టరే అన్నాడు. ముక్కులో గొట్టం గుండా పోసేదే తిండి.

నేను బతుకంతా గోడలు కట్టినవాణ్ణి. తాపీ వెనక్కి తిప్పి తట్టానంటే ఏ గోడ గట్టిదో ఏది బోలుదో చెబుతాను. మొదట్లో నేనూ "మాస్టారూ, బళ్ళో పిల్లలు పైకప్పు ఎగరగొడుతున్నారు, లేవండి" అని పిలిచాను. ఇప్పుడు పిలవడం మానేశాను. తట్టి చూశాను చెల్లెమ్మగారూ. బోలు.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఊపిరితిత్తుల్లో చీము పట్టి యంత్రం పెట్టారు, తర్వాత తీశారు. మళ్ళీ అలా అయితే మళ్ళీ యంత్రం పెట్టాలా, వద్దా, ఇంట్లోవాళ్ళు కూడబలుక్కుని చెప్పండి అని పెద్ద డాక్టరు అడిగాడు. అమ్మాయి పెట్టమనదు, వద్దనదు. "అత్తయ్య ఏమంటే అది" అంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు వేసుకుంటే ఈ గొట్టం ఇలాగే ఉంటుంది, నా కూతురు ఇలాగే ఎండిపోతుంది. నేనైతే వద్దంటాను. ఉన్నది మీ అబ్బాయి కాదు, మీ అబ్బాయి వదిలేసి వెళ్ళిన ఒళ్ళు.

ఒక తల్లిని ఈ మాట అడగడం సిగ్గుమాలిన పని. తెలిసే అడుగుతున్నాను. ఎవరో ఒకరు సిగ్గు విడవాలి కదా. మీ మాట రాయండి.

మీ అన్నయ్య


మా ఇల్లు, ముందు గదిలో మంచం మీద నుంచి

అన్నయ్యగారికి,

మీ చేతిరాత చూసి ముందు నవ్వాను. తర్వాత చదివాను.

నా కాలు సంగతి అడిగారు. తుంటి ఎముకకు అతుక్కునే ఉద్దేశం ఉన్నట్టు లేదు. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి దానికేసి చూడకుండా పడుకుంటున్నాను. కన్నకొడుకు అలా పడి ఉంటే పక్కింటావిడ చేత్తో అన్నం తింటూ ఇక్కడ కూర్చున్నానని, ఎవరైనా గుమ్మంలోకి వచ్చినా ముఖం తిప్పుకుంటున్నాను.

మీరడిగిన మాటకు మిమ్మల్ని కడిగిపారేద్దామని కాగితం తీశాను. చింపాను. మళ్ళీ తీశాను. మీరు మొరటు మనిషి, పెళ్ళినాడే చూశాను. కానీ అబద్ధం చెప్పే మనిషి కాదు. మీరు లేడంటే లేడేమో. పసితనంలో వాడికి ముక్కు చీదడం కూడా ఒకరి ముందు సిగ్గే. ఇప్పుడు వాడి ఒళ్ళు ఎవరెవరో తిప్పి తుడుస్తున్నారంటే, వాడే ఉంటే ఏమంటాడో నాకు తెలుసు.

యంత్రం వద్దు. పోనివ్వండి వాణ్ణి. నేను ఒప్పుకున్నానని కోడలికి చెప్పండి.

వాడి చెయ్యి పట్టుకోకుండా, ముఖం చూడకుండా, మంచం మీద పడుకుని కాగితం మీద ఈ మాట రాశాను. ఏ తల్లీ ఇలా రాయకూడదు. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకండి. నోటిమాటగా చెప్పండి, చాలు.

మీ చెల్లెలు


ఆసుపత్రి, అదే కుర్చీ

చెల్లెమ్మగారికి,

ఉత్తరం అందింది. చూపించొద్దన్నారు, చూపించలేదు. చదివి వినిపించాను. నోటిమాటగా చెబితే నా కూతురు నమ్ముతుందా? నా పోలికే కదా.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కూర్చోబెట్టి చదివాను. సగంలో "నాన్నా, ఇక్కడ వద్దు, బయటికి వెళ్దాం" అంది. "ఎవరు వింటారే, నువ్వూ నేనూ ఈ గోడలూ తప్ప!" అన్నాను. మిగతాది కూడా చదివేశాను. తను లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. అక్కడి నుంచే, "అత్తయ్య రాసింది సరే. ఫోటో తీసేదాకా నేను ఏ మాటా చెప్పను" అంది.

ఇదొక కొత్త గొడవ. ఫోటోల డాక్టరమ్మ ఒకావిడ వచ్చింది. మెదడుకి ఇంతకుముందు తీసిన ఫోటో చాలదట, ఇంకో రకం తీయాలట. పాతదాంట్లో అంత దెబ్బ కనపడటం లేదు, మనిషేమో లేవడం లేదు, ఎక్కడో లెక్క తప్పుతోంది అంటుంది. లెక్క తప్పితే మనిషి లేస్తాడా అమ్మా అన్నాను. నవ్వింది. ఎల్లుండి తీస్తారట. కూలిపోయిన ఇంటికి కొలతలు తీసినట్టు ఉంది నాకు.

మీ మాట మీరు ఇచ్చారు. మీరు గట్టి మనిషి. అది చాలు.

మీ అన్నయ్య


మా ఇల్లు

అన్నయ్యగారూ,

ఫోటో తీశారా? ఏమన్నారు? ఇన్ని రోజులై ఒక్క ముక్క లేదు. మీరు రాయలేదంటే చెడ్డదనుకోవాలా, మంచిదనుకోవాలా? మంచిదైతే ఇంత ఆలస్యం చేయరు. చెడ్డదైతే అసలు ఆలస్యం చేయరు, మీ సంగతి నాకు తెలుసు.

కార్డు ముక్కయినా రాయండి.


ఆసుపత్రి, బయట మెట్ల మీద నుంచి

చెల్లెమ్మగారికి,

ఫోటో తీశారు. ఆలస్యానికి నా చెయ్యి నొప్పి కారణం. ఇప్పుడు పరవాలేదు.

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మెదడులో బూడిద రంగుది పని చేసే చోటట. తెల్లది ఒక చోటి కబురు ఇంకో చోటికి మోసే తీగల మోపట. బండి గుద్దినప్పుడు తల పగలకపోయినా లోపల మెదడు కుదుపుకి ఆ తీగలు సాగి తెగుతాయట. మామూలు ఫోటోకి అవి చిక్కవు. ఈ కొత్తదాంట్లో మెదడులో తడి తీగ వెంబడి ఎటు కదులుతుందో పట్టి, దాన్నిబట్టి తీగ ఉందా, తెగిందా అని చూస్తారట. తెర మీద ఎరుపూ పచ్చా నీలం రంగు దారాలు వేసి చూపించింది. పక్కన ఎవరో మంచి మనిషిది పెట్టింది. ఆయనది దువ్విన జుట్టులా ఉంది. మనవాడిది ఎలుకలు పడ్డ బట్టల మూటలా ఉంది. మీరు దారాల మనిషి, చూసి ఉంటే మీకు నాకంటే బాగా తెలిసేది.

ఒంటిని కదిలించే తీగలు చాలావరకు పోయాయి. కుడి ఎడమలను కలిపే వంతెన చాలా దెబ్బతింది. కానీ మెలకువ తెచ్చేవి, చెవి నుంచి లోపలికి పోయేవి చాలావరకు ఉన్నాయట.

"అంటే ఏమిటమ్మా?" అన్నాను.

"అంటే లోపలికి దారి ఉంది. బయటికి రావడానికే దారి సరిగ్గా లేదు. ఆయనకు కొంత తెలుస్తూ ఉండొచ్చు" అంది.

"ఉండొచ్చా, ఉందా?"

"దారి కనపడింది తాతగారూ. దాని మీద నడిచేవాళ్ళున్నారో లేరో ఈ ఫోటో చెప్పదు. వేరే రకంగా చూడాలి."

అమ్మాయి అక్కడికక్కడే యంత్రం కావలసి వస్తే పెట్టమని చెప్పేసింది. మీకు కబురు చేస్తానంది. మీరూ కాదనరని నేనన్నాను. మీ పాత ఉత్తరం చింపేశాను. ఇంక దాంతో పని లేదు.

మీ అబ్బాయి బాగానే ఉన్నాడు. ఎండ వేళకు గదిలో వెలుతురు బాగా వస్తుంది.

మీ అన్నయ్య


మా ఇల్లు, ముందు గది

అన్నయ్యగారికి,

ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. సంతోషానికో భయానికో తెలియదు. పక్కింటావిడ కంగారుపడి వచ్చింది, ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఈవిడే కొడుకుని పోనివ్వమంది అని నా నుదుటి మీద రాసి ఉన్నట్టు అనిపించింది.

యంత్రం పెట్టించండి. ఏం కావాలంటే అది పెట్టించండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేస్తాం. మాట అలా విప్పగలమో లేదో.

ఇప్పుడు మీ సంగతి. మీకు అబద్ధం చెప్పడం రాదు అన్నయ్యగారూ, ఇంత వయసొచ్చాక నేర్చుకోవద్దు. చెయ్యి నొప్పి అంటారు, ఇంతకుముందెప్పుడూ రాయనంత పెద్ద ఉత్తరం రాస్తారు. మంచం పక్క కుర్చీ ఏమైంది, మెట్ల మీద కూర్చుని ఎందుకు రాస్తున్నారు? ఫోటోలో మెదడు ఎలా ఉందో రంగులతో సహా రాశారు, వాడి ముఖం ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. గదిలోకి వెలుతురు వస్తుందట! నేను అడిగింది గది గురించా?

నా ఉత్తరం చింపేశానన్నారు. చింపేటంత అవసరం ఏమొచ్చింది? మీరే రాశారు కదా, చూపించలేదు, చదివి వినిపించాను అని. అప్పుడు నాకు తట్టలేదు. నిన్న ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు తట్టింది.

నా ఉత్తరం ఎక్కడ చదివారు? ఎవరి ముందు చదివారు?

నాన్చకుండా రాయండి.

చెల్లెలు


ఇంటి నుంచి, తలుపు వేసుకుని

చెల్లెమ్మగారికి,

వాడి ముందే చదివాను. మంచానికి ఇటు నేను, అటు అమ్మాయి. వాడు మధ్యలో.

అదొక్కటే అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. నాకు మనసులో చదువుకోవడం రాదు. పైకి అంటేనే నాకు అక్షరం అర్థమవుతుంది. మీ ఉత్తరం వచ్చిన రోజే ఆ కుర్చీలో కూర్చుని, వేలు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుకున్నాను. పోనివ్వండి వాణ్ణి అన్న దగ్గర అక్షరం తెలియక మూడుసార్లు అన్నాను. సాయంత్రం అమ్మాయి వచ్చాక మళ్ళీ మొత్తం చదివాను.

రాయడం కూడా అంతే. ఏ ముక్క రాయాలన్నా ముందు నోటితో అనాలి. కాబట్టి నా ఉత్తరం మీకంటే ముందు మీ అబ్బాయికి అందింది. ఆ కళ్ళ వెనక ఎవరూ లేరు అన్నది, బోలు అన్నది, వదిలేసి వెళ్ళిన ఒళ్ళు అన్నది, అన్నీ వాడి చెవికి మూరెడు దూరంలో అన్నాను. ఇప్పుడు కూడా ఇవన్నీ పైకి అంటూనే రాస్తున్నాను. అందుకే తలుపు వేసుకున్నాను.

నాకు చదువు ఎవరు చెప్పారో మీకు తెలుసు. పెళ్ళయిన కొత్తల్లో వేలిముద్ర వేస్తుంటే చూసి, మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి మీ అబ్బాయే చెప్పాడు. "పైకి చదవండి మామయ్యగారూ, నోరు తప్పితే చెవి పట్టుకుంటుంది" అనేవాడు. అల్లుడి దగ్గర పలక పట్టడం నాకు చిన్నతనంగా ఉండేది. ఎవరైనా వస్తే పలక కూర్చున్న పీట కిందికి తోసేవాణ్ణి. నీ చలవ వల్ల చదవడం వచ్చింది అని వాడితో ఒక్కనాడూ అనలేదు. వాడు నేర్పిన చదువుతో వాడి చావు వాడికి చదివి వినిపించాను.

ఇంకా ఉంది. ఇదే మెట్ల సంగతి.

ఫోటో చూసిన మర్నాడు డాక్టరమ్మ ఒక అద్దం తెచ్చింది. వాడి ముఖం ముందు పెట్టి నెమ్మదిగా పక్కకు జరిపింది. కళ్ళు అద్దం వెంట వెళ్ళాయి. అమ్మాయి నోరు మూసుకుని ఏడ్చింది. నేను అప్పుడే టీ తాగి లోపలికి వస్తున్నాను. "ఏమైందమ్మా?" అన్నాను. అంతే. ఆ కళ్ళు అద్దం వదిలేసి గోడ వైపు తిరిగాయి.

డాక్టరమ్మ నన్ను బయటికి పంపింది. మళ్ళీ పిలిచింది. మాట్లాడమంది. మళ్ళీ గోడ వైపే. తను మాట్లాడింది, నర్సమ్మ మాట్లాడింది, అమ్మాయి మాట్లాడింది. ఏమీ లేదు. నేను మాట్లాడితే మాత్రం గోడ వైపు. నన్ను రెండో పక్కకు నిలబెట్టింది. కళ్ళు గోడ వదిలి, నేను లేని పక్క కిటికీకి వెళ్ళాయి. అందరికీ పండగే.

"తాతా, మీ గొంతు విని కళ్ళు తిప్పుతున్నాడయ్యా!" అని నర్సమ్మ నా భుజం చరిచింది.

"ఒక్కరోజు చూసి తేల్చలేం. కానీ ఇది ఊరికే ఆడే కండరంలా లేదు. మీరు రోజూ రావాలి. మీకే స్పందిస్తున్నాడు" అంది డాక్టరమ్మ.

"నాన్నా, చూశావా, నిన్ను గుర్తుపట్టాడు!" అంది నా కూతురు.

"గుర్తుపట్టాడమ్మా" అన్నాను.

నా గొంతులో ఏం వినిపించిందో, తను నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీకేసి చూసింది. మీ ఉత్తరం చదివిన సాయంత్రం తనూ అక్కడే ఉంది కదా. తిట్టి ఉంటే బాగుండేది. "రేపు కూడా రా నాన్నా" అంది.

నేను పోలేదు. మోకాళ్ళు నొప్పులని మెట్ల దగ్గరే ఆగిపోతున్నాను. పైన డాక్టరమ్మ అద్దం పట్టుకుని ఎదురుచూస్తుంది. కళ్ళు తిప్పడం ఇలాగే నిలబడితే, అవునుకి ఇటు, కాదుకి అటు అని నేర్పించి మాట్లాడించవచ్చట. నేను పోకపోతే అది ఆగిపోతుందట. నన్ను ఎవరూ ఇంతకు ముందు ఇలా అవమానించలేదు. మాట లేని మనిషి, వేలు కదపలేని మనిషి, ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకోవడానికి వాడికి ఉన్నది అదొక్కటే.

మీరు అడిగారు, రాశాను. ఇక నాకు రాయకపోయినా ఏమీ అనుకోను.


మా ఇల్లు, ముందు గది

అన్నయ్యగారికి,

ఈ ఉత్తరం మీకు రాస్తున్నది కాదు. మీ నోటికి రాస్తున్నది. ఇక్కడితో ఆపి, మడిచి, జేబులో పెట్టుకుని, మెట్లెక్కి పైకి వెళ్ళండి. మోకాళ్ళు విరిగితే విరగనీయండి, నాకు తుంటి విరగలేదా? కుర్చీలో కూర్చుని, వాడికి వినపడేలా, మిగతాది చదవండి. ఒక్క ముక్క మింగారంటే నా మీద ఒట్టు.

నాన్నా, నేను అమ్మను. గొంతు మీ మామది, మాట నాది.

ముందు మీ మామను తిట్టాలి, ఆగు. ఏమయ్యా మేస్త్రీ, గోడలకి చెవులుంటాయని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసే, పుట్టి బుద్ధెరిగి గోడలు కట్టినవాడివి, నీకు తెలియదా? తట్టి చూశావా నా కొడుకుని? బోలుగా ఉన్నది వాడి తలా, నీ తలా? నా కొడుకు నీకు అక్షరాలు నేర్పాడు, నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పడం మరిచిపోయాడు. ఉత్తరం చూపించొద్దంటే చదివి వినిపించే తెలివి నీ ఒక్కడికే ఉంటుంది. పలక పీట కింద దాచావా? ఆ పీట నీ నెత్తిన పడా! వాడు ముఖం తిప్పుకుంటే అలిగి మెట్ల మీద కూర్చుంటావా, కొత్త పెళ్ళికొడుకువా? వాడు రోజుకు నూరుసార్లు తిప్పుకుంటాడు. నూరుసార్లూ నిలబడు. నీకు ఆ మాత్రం పని తప్పదు.

ఇప్పుడు నా వంతు. నాన్నా, నేను ఒప్పుకున్నాను. మీ మామ అడిగాడు కాబట్టి ఒప్పుకున్నానని ఆయన మీదకు తోసేయను. ఆయన అడిగింది ఒక్కసారి. నేను ఆలోచించుకున్నది రెండు పగళ్ళు. నీకు సిగ్గని రాశాను. నిజానికి నేను రాలేకపోతున్నానన్న సిగ్గు నాది. నువ్వు ఇక లేవు అని చెప్పుకుంటే, నేను రానందుకు నాకు తప్పు ఉండదు. అందుకని ఆయన మాట అంత తొందరగా నమ్మాను. ఇది నీ భార్యకు కూడా తెలియదు. ఇప్పుడు మీ మామకు తెలిసింది, తెలియనీ.

నన్ను చూసి ముఖం తిప్పుకోవడానికైనా నువ్వు ఉండాలి. కాలు కదలగానే వస్తాను.

అన్నయ్యగారూ, చదవడం అయ్యాక ఏం జరిగిందో రాయండి. బాగుండటానికి రాయకండి. జరిగింది రాయండి.


ఆసుపత్రి, మంచం పక్క కుర్చీలో నుంచి

చెల్లెమ్మగారికి,

వచ్చాను. చదివాను. ఒక్క ముక్కా మింగలేదు.

డాక్టరమ్మ తలవైపు నిలబడి చూసింది. అమ్మాయి కాళ్ళ వైపు కూర్చుంది. నేను నోరు తెరవగానే కళ్ళు గోడ వైపు వెళ్ళాయి. నేను అమ్మను అన్న దగ్గర కూడా గోడ వైపే ఉన్నాడు. నా గొంతు కదా.

మీ తిట్లు మొదలయ్యాయి. కూడబలుక్కుని చదివేవాడికి తిట్లు ఎంత పొడుగ్గా ఉంటాయో మీకు తెలియదు. "బో, లు, గా, బోలుగా ఉన్నది వాడి తలా, నీ, నీ తలా" అని చదువుతున్నాను. వెనక నర్సమ్మ కిసుక్కుమంది. "నాన్నా..." అంది అమ్మాయి. నేను తల ఎత్తాను. వాడు నాకేసి చూస్తున్నాడు. గోడ వదిలి ఎప్పుడు వచ్చాయో ఆ కళ్ళు, నా ముఖం మీద ఉన్నాయి. డాక్టరమ్మ ఆపొద్దని చెయ్యి ఊపింది. పీట నెత్తిన పడా అన్న దాకా, కొత్త పెళ్ళికొడుకు దాకా, చూస్తూనే ఉన్నాడు. నవ్వాడని రాయను. నవ్వు కదిలించే తీగలు కూడా పోయినవాటిలో ఉన్నాయట. చూశాడు, అంతే.

మీ వంతు వచ్చినప్పుడు కళ్ళు మూశాడు. చివరిదాకా తెరవలేదు. "అలసిపోయి ఉండొచ్చు, ఇంకేదైనా అయి ఉండొచ్చు" అంది డాక్టరమ్మ. ఏడ్చాడని రాయను, క్షమించాడని రాయను. ఇకమీదట తెలియనిది తెలిసినట్టు రాయదలచుకోలేదు. మీరే వచ్చి చూసుకోండి. రేపటి నుంచి కళ్ళతో అవునూ కాదూ మొదలుపెడతారట. రోజుకు కాసేపు నేను మాట్లాడాలట. తిప్పుకున్నా లెక్కే, తిప్పుకోకపోయినా లెక్కేనట.

ఇక ఒక్క సంగతి ఉంది. మీ ఉత్తరం అయ్యాక అందరూ బయటికి వెళ్ళారు. కాగితం కింద పెట్టి, నా సొంత మాట ఒకటి వాడితో అందామనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నా రాలేదు చెల్లెమ్మగారూ. నాకు ఆ మాట అలవాటు లేదు. కూలివాడి ముందు గాని, కట్టుకున్నదాని ముందు గాని ఎప్పుడూ అనలేదు.

అందుకని కాగితం తీశాను. రాస్తే పైకి అనక తప్పదు నాకు. మీకు రాస్తున్నట్టే రాస్తాను, వాడు వింటాడు.

అల్లుడూ, నువ్వు ఉన్నావు. నేను లేవన్నాను. తప్పు నాది.

రాయడం అయింది. ఇక తల ఎత్తాలి.